క్యాంపస్‌లో ఎక్కడ సీటు దొరుకుతుందో చూపే యాప్ ఎలా తయారు చేయాలి

"రీడింగ్ రూమ్ ఎంత నిండిందో చూపే యాప్ చేద్దామనుకుంటున్నాం, ఏ సెన్సర్ కొనమంటారు?" ప్రాజెక్టుల సమయం వస్తే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. సెన్సర్ సంగతి నాలుగో అడుగులో ఉంది. దానికి ముందు మూడు విషయాలు తేలాలి. అవి తేలకముందే సెన్సర్లు కొంటే అవి మీ గదికి పనికొస్తాయో లేదో చెప్పడం కష్టం.

ఇలాంటి యాప్‌కి ఉండే ఆస్తి నమ్మకం ఒక్కటే. "ఖాళీగా ఉంది" అన్న మాట చూసి పది నిమిషాలు నడిచి వచ్చిన విద్యార్థికి కూర్చునే చోటు లేకపోతే, ఆ విద్యార్థి ఇక యాప్ తెరవరు. అందుకని ప్రతి అడుగులోనూ ఒకటే పట్టుకోండి: తెలిసినంతవరకే చూపించాలి, తెలియకపోతే తెలియదని రాయాలి.

కావలసినవి

- ముగ్గురు మనుషులు. కోడ్ రాయడానికి ఒకరు చాలు, తలలు లెక్కపెట్టడానికి మాత్రం ముగ్గురూ కావాలి.
- మొదటి విడతకి 3 చోట్లు. అంతకన్నా ఎక్కువ వద్దు.
- ఆ చోట్ల బాధ్యుల నుంచి, వైఫై వాడేట్టయితే నెట్‌వర్క్ విభాగం నుంచి రాతపూర్వక అనుమతి.
- అందరూ కలిసి నింపగలిగే ఒక ఆన్‌లైన్ షీట్.
- ఒక చిన్న సర్వర్, అందులో ఏదైనా మామూలు డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ అయినా సరే, మూడు చోట్లకి ఎస్‌క్యూలైట్ కూడా సరిపోతుంది.
- తలుపు దగ్గర లెక్కపెట్టాలనుకుంటే: ఒక్కో తలుపుకి ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్పు బోర్డు), ఒక వీఎల్53ఎల్1ఎక్స్ దూరం కొలిచే సెన్సర్, 5 వోల్టుల అడాప్టర్, బిగించడానికి చిన్న పెట్టె. బ్యాటరీతో నడపాలని చూడకండి. రోజంతా ఆగకుండా కొలిచే సెన్సర్‌కి బ్యాటరీ మార్చే పని మీ నెత్తిన పడుతుంది, మార్చడం మరిచిన రోజున లెక్క ఆగిపోతుంది.
- 5 నుంచి 6 వారాల సమయం. ఇందులో కోడ్‌కి రెండు వారాలు మించి పట్టదు. మిగిలినదంతా లెక్కకూ, ఆ లెక్కను సరిచూడడానికీ పోతుంది.

అడుగు 1: విద్యార్థి ఏం తేల్చుకోవాలనుకుంటున్నారో కనుక్కోండి

8 నుంచి 10 మందితో మాట్లాడండి. "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని అడగకండి, అందరూ వాడతామనే అంటారు. "ఈమధ్య సీటు దొరక్క ఎక్కడినుంచి వెనక్కి వచ్చారు? అప్పుడు టైమెంత? ఆ తర్వాత ఎక్కడికి వెళ్లారు?" అని అడగండి. జవాబులు దాదాపుగా మూడు రకాలుగా ఉంటాయి: ఇప్పుడు వెళ్లొచ్చా, అక్కడ కాకపోతే ఇంకెక్కడ, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు.

చోటును బట్టి ప్రశ్న మారుతుంది, ఇక్కడే చాలా డిజైన్లు పక్కదారి పడతాయి. రీడింగ్ రూమ్‌లో కావలసింది సీటు. క్యాంటీన్‌లో సీటుకన్నా క్యూ ముఖ్యం. జిమ్‌లో లోపల ఎంతమంది ఉన్నా పట్టింపు లేదు, రెండు ట్రెడ్‌మిల్‌లూ ఖాళీయా కాదా అన్నదే అసలు విషయం. ఈ మూడింటికీ ఒకే శాతం బార్ పెడితే మూడింటిలో రెండు చోట్ల అది పనికిరాదు.

మూడు చోట్లు ఎంచుకునేటప్పుడు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాగలిగినవి తీసుకోండి. లైబ్రరీ నిండిందని చెప్పి ఇంకో దారి చూపకపోతే ఆ సమాచారంతో విద్యార్థి చేయగలిగేది పెద్దగా ఉండదు.

అడుగు 2: "నిండడం" అంటే ఎంతో నిర్ణయించండి

గది బయట బోర్డు మీదున్న సంఖ్యను వాడకండి. అది సాధారణంగా భద్రత కోసం పెట్టిన పరిమితి. మీరే లోపలికి వెళ్లి కూర్చోదగ్గ సీట్లు లెక్కపెట్టండి. విరిగిన కుర్చీలు, స్తంభం వెనక ఎవరూ కూర్చోని బల్లలు తీసేయండి.

బ్యాగులు పెట్టి ఆపిన సీట్లు వేరే చిక్కు. మనుషుల లెక్క ప్రకారం గది 80 శాతమే నిండినా, బ్యాగుల వల్ల వచ్చినవాళ్లకి ఒక్క సీటూ దొరక్కపోవచ్చు. మూడో అడుగులో లెక్కపెట్టేటప్పుడు బ్యాగులున్న సీట్లు విడిగా రాసుకోండి. ప్రతిసారీ పదో వంతు సీట్లు అలా పోతున్నాయని తేలితే, 120 సీట్ల గదిని 108 సీట్ల గదిగానే లెక్కలోకి తీసుకోండి.

క్యాంటీన్‌కి లెక్క ఇంకా సులువు. క్యూలో ఉన్నవారి సంఖ్యను, నిమిషానికి కౌంటర్ దగ్గర పని ముగిసేవారి సంఖ్యతో భాగించండి. క్యూలో 24 మంది ఉండి, నిమిషానికి ముగ్గురికి అందుతుంటే 8 నిమిషాలు ఆగాలి. ఆ 8 నిమిషాలనే చూపించండి.

అడుగు 3: ఒక వారం చేత్తో లెక్కపెట్టండి

దీన్ని దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటేయకండి. సెన్సర్ సరిగ్గా చెబుతోందో లేదో తేల్చేది ఈ వారం లెక్కే, తర్వాత దీన్ని ఎక్కడా తెచ్చుకోలేరు.

షీట్‌లో ఐదు నిలువు వరసలు చాలు: తేదీ–టైము, చోటు, మనుషులు, బ్యాగులున్న ఖాళీ సీట్లు, లెక్కపెట్టినవారు. తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా గంటకోసారి. తరగతులు విడిచే సమయంలో, భోజనాల వేళ మాత్రం 15 నిమిషాలకోసారి, ఎందుకంటే లెక్క గబగబా మారేది అప్పుడే. మొదటి రోజు ఇద్దరు ఒకే గదిని ఒకేసారి ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్కపెట్టండి. ఇద్దరి మధ్య తేడా 5 శాతం దాటితే గదిని బల్లల వరసలుగా విడదీసి లెక్కపెట్టండి.

ఇంకో లాభం ఉంది. ఈ షీట్‌నే ఒక సాదా వెబ్ పేజీకి కలిపితే ఆ రోజే యాప్ మొదటి రూపం సిద్ధం. జనం నిజంగా చూస్తారా, ఎప్పుడు చూస్తారు అన్నది సెన్సర్ కొనకముందే తెలిసిపోతుంది. వారంలో ఎవరూ చూడకపోతే ఆగి మొదటి అడుగుకి వెళ్లండి.

అడుగు 4: లెక్క పద్ధతి ఎంచుకోండి

పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. గది పెద్దదై, తలుపులు ఎక్కువై, మంచి వైఫై ఉంటే మొదటిది. ఒకటి రెండు తలుపులున్న చిన్న గదికి రెండోది.

వైఫై లెక్క. ప్రతి యాక్సెస్ పాయింట్‌కి (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెకి) ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో, వాటన్నిటినీ నడిపే నెట్‌వర్క్ కంట్రోలర్‌కి తెలుసు. మీకు కావలసింది ఆ సంఖ్య ఒక్కటే. 5 నిమిషాలకోసారి ఆ సంఖ్య మాత్రమే ఇమ్మని నెట్‌వర్క్ విభాగాన్ని అడగండి. మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్యలు), యూజర్ పేర్లు ఇస్తామన్నా తీసుకోకండి.

పరికరాల సంఖ్యను మనుషుల సంఖ్యగా ఇలా మార్చాలి:

1. గది మూసి ఉన్నప్పుడు, తెల్లవారుజామున 3 గంటలకి, ఎన్ని పరికరాలు కనిపిస్తున్నాయో చూడండి. అవి ప్రింటర్లు, టీవీ తెరలు, గోడ గడియారాల వంటివి. వాటిని ఎప్పుడూ తీసేయాలి.
2. చేత్తో లెక్కపెట్టిన ప్రతి సమయానికీ పరికరాల సంఖ్యను పక్కన రాయండి.
3. రాత్రి సంఖ్య తీసేశాక మిగిలినదాన్ని మనుషుల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకి 96 పరికరాలు, రాత్రి సంఖ్య 6, మనుషులు 60 అయితే ఒక్కొక్కరికి 1.5 పరికరాలు.
4. ఇలాంటి జతలు కనీసం 30 తీసుకుని మధ్యస్థ విలువ (చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే నడుమ వచ్చేది) పట్టుకోండి. ఇక 150 పరికరాలు కనిపిస్తే 144ని 1.5తో భాగించి 96 మంది అనుకోవచ్చు.

ఈ నిష్పత్తి ప్రతి చోటుకీ వేరుగా కట్టండి. లైబ్రరీలో ఫోనుతో పాటు ల్యాప్‌టాప్ కూడా తెరిచి ఉంటుంది, క్యాంటీన్‌లో ఫోను ఒక్కటే, అదీ చాలామందికి మొబైల్ డేటా మీదే ఉంటుంది. లైబ్రరీ నిష్పత్తిని క్యాంటీన్‌కి వాడితే నిండిన క్యాంటీన్ ఖాళీగా కనిపిస్తుంది.

వైఫైతో వచ్చే ఇబ్బందులు: పై అంతస్తు ఫోన్లు కింది యాక్సెస్ పాయింట్‌ని పట్టుకుంటాయి, కాబట్టి గది అంచున, మెట్ల దగ్గర ఉన్న పాయింట్లను లెక్కలోంచి తీసేసి చూడండి. వెళ్లిపోయిన ఫోన్లను కంట్రోలర్ కొన్ని నిమిషాల దాకా తన జాబితాలోనే ఉంచుతుంది, అందువల్ల తరగతి విడిచిన వెంటనే లెక్క ఎక్కువగా ఉంటుంది. ఒకే పరికరం రెండు పాయింట్ల దగ్గర కనిపిస్తే రెండుసార్లు లెక్కకు రాకుండా చూడమని నెట్‌వర్క్ విభాగానికే చెప్పండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. వైఫైకి కలవని ఫోన్లు గాల్లోకి పంపే వెతుకులాట సంకేతాలను పట్టి మనుషులను లెక్కపెట్టే పాత కోడ్ ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతుంది. దాన్ని వాడకండి. ఐఓఎస్ 8 వచ్చిన 2014 నుంచీ ఫోన్లు ఆ సంకేతాల్లో మారు మ్యాక్ అడ్రస్ పంపడం మొదలుపెట్టాయి. ఒకే ఫోను పది ఫోన్లుగా కనిపించవచ్చు.

తలుపు లెక్క. వీఎల్53ఎల్1ఎక్స్‌ని తలుపు పై అంచు మధ్యలో, నేలకి 2.2 నుంచి 2.4 మీటర్ల ఎత్తున, కిందికి చూసేలా బిగించండి. దీని చూపును రెండు భాగాలుగా విడగొట్టవచ్చు: ఒకటి బయటివైపు, ఒకటి లోపలివైపు. ముందు బయటిది, తర్వాత లోపలిది పలికితే ఒకరు వచ్చినట్టు. తిరగబడితే వెళ్లినట్టు. మధ్యలో ఆగి వెనుదిరిగితే ఏదీ కాదు.

తక్కువ దూరం మోడ్ పెట్టండి. అందులో 1.3 మీటర్ల దాకానే కనిపిస్తుంది, మీకు అది చాలు: 2.3 మీటర్ల ఎత్తునుంచి 1.7 మీటర్ల మనిషి తల 60 సెం.మీ. దూరంలోనే ఉంటుంది. పైగా ఎండ వెలుతురు ఈ మోడ్‌ని తక్కువగా చెడగొడుతుంది. నేల కనిపించనప్పుడు సెన్సర్ "దూరం అందలేదు" అన్న స్థితిని పంపుతుంది. దాన్ని సున్నా దూరంగా చదివితే ఎవరూ లేకపోయినా మనిషి ఉన్నట్టు లెక్క వస్తుంది, కాబట్టి దూరంతో పాటు స్థితిని కూడా ప్రతిసారీ చదవండి.

సెన్సర్ చూపు 27 డిగ్రీలు. 60 సెం.మీ. దూరంలో అది పట్టేది దాదాపు 29 సెం.మీ. వెడల్పు మాత్రమే. ఒంటి రెక్క తలుపులో మనుషులు మధ్యగా నడుస్తారు, భుజాలూ తగులుతాయి కాబట్టి ఒక్కటి సరిపోతుంది. రెండు రెక్కల తలుపుకి రెండు కావాలి. రెండూ మొదట ఒకే ఐ2సీ అడ్రస్‌తో (బోర్డు సెన్సర్‌ని పిలిచే సంఖ్యతో) మొదలవుతాయి. ఎక్స్‌షట్ పిన్‌తో ఒకదాన్ని ఆపి, రెండోదాని అడ్రస్ మార్చి, తర్వాత మొదటిదాన్ని లేపండి.

బిగించాక వీటిని పరీక్షించండి: నల్లటి దట్టమైన జుట్టు ఉన్నవారు (కాంతి తక్కువగా తిరిగొస్తుంది), చక్రాల కుర్చీలో వచ్చేవారు, పొట్టివారు, ఒకరి వెనకే ఒకరు అతుక్కుని నడిచేవారు, పక్కపక్కనే దూరేవారు. తలుపు రెక్క తెరుచుకునేటప్పుడు సెన్సర్ చూపులోకి వస్తే దాన్నీ మనిషిగా లెక్కపెడుతుంది, అప్పుడు సెన్సర్‌ని రెక్క తిరగని వైపుకి మార్చండి.

తలుపు లెక్కకి పుట్టుకతోనే ఉన్న జబ్బు ఒకటుంది: తప్పులు పోగుపడతాయి. రోజుకి 600 మంది వచ్చి వెళ్లే గదిలో, వెళ్లేవారిలో నూటికి ఇద్దరిని సెన్సర్ వదిలేస్తే సాయంత్రానికి లేని మనుషులు 12 మంది గదిలో మిగిలిపోతారు. 60 సీట్ల గదిలో అది 20 శాతం. మందు: గది మూసిన అరగంటకి లెక్కను సున్నా చేయండి, సున్నాకన్నా తగ్గనివ్వకండి, మధ్యాహ్నం ఒకసారి గది సిబ్బంది అసలు సంఖ్య నొక్కి సరిచేసే బటన్ ఇవ్వండి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే గదికి సున్నా చేసే సమయం దొరకదు, అక్కడ వైఫై లెక్కే మేలు.

మిగతావి క్లుప్తంగా. పైకప్పుకి పెట్టే మామూలు కదలిక సెన్సర్ చదువుకునే గదికి పనికిరాదు, కదలకుండా కూర్చున్నవారు దానికి కనిపించరు. ఒకరిద్దరే కూర్చునే చిన్న గ్రూప్ గదిలో "ఎవరైనా ఉన్నారా" అన్నంతవరకే కావాలంటే మిల్లీమీటర్ తరంగాల రాడార్ సెన్సర్ బాగుంటుంది, అది ఊపిరి కదలికను కూడా పట్టగలదు. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఆలస్యంగా పలుకుతుంది, కిటికీ తెరిస్తే మారిపోతుంది. కెమెరా కచ్చితంగానే లెక్కపెడుతుంది, కానీ చదువుకునే చోట కెమెరా పెడితే జనం యాప్‌నే అనుమానిస్తారు. మేమైతే వద్దంటాం.

అడుగు 5: సంఖ్యను మాటగా మార్చండి

"63 మంది" అని చూపితే మీ లెక్క అంత కచ్చితమని మాటిచ్చినట్టే. నాలుగు మెట్లు చాలు: 40 శాతం లోపు "ఖాళీగా ఉంది", 40–70 "పర్వాలేదు", 70–90 "రద్దీ", ఆపైన "నిండింది". ఈ హద్దులు మీ గదికి సరిపోతాయో లేదో మూడో అడుగు షీట్‌తో పోల్చి మార్చుకోండి.

లెక్క హద్దు దగ్గర ఊగినప్పుడు మాట నిమిషానికోసారి మారకూడదు. రెండు జాగ్రత్తలు తీసుకోండి. చివరి మూడు రీడింగుల మధ్యస్థ విలువ వాడండి. పైకి వెళ్లే హద్దు, దిగే హద్దు వేరుగా పెట్టండి: 70 దాటితే "రద్దీ", మళ్లీ 65 కిందికి దిగితేనే "పర్వాలేదు".

అడుగు 6: డేటా ఎంత దాచాలి

డేటాబేస్ పట్టికలో నాలుగే అంశాలు: చోటు, టైము, సంఖ్య, ఎక్కడి నుంచి వచ్చింది. ఎవరు అన్నది ఎక్కడా ఉండకూడదు. మ్యాక్ అడ్రస్‌ని హ్యాష్ చేస్తే (ఒక సూత్రంతో వేరే అక్షరాల వరసగా మారిస్తే) గోప్యత వచ్చేసిందనుకోవడం పొరపాటు. అడ్రస్ పొడవు 48 బిట్లే కనుక అన్నిటినీ ప్రయత్నించి అసలుది బయటికి తీయవచ్చు. గదిలో 5 మంది లోపు ఉంటే సంఖ్యను ఎక్కడా బయటపెట్టకండి. రాత్రి ఒంటరిగా ఎవరో ఉన్నారన్న సంగతి ఫోన్లో అందరికీ తెలియడం ప్రమాదం. గది గుమ్మం దగ్గర ఏం లెక్కపెడుతున్నారో, ఏం లెక్కపెట్టడం లేదో రెండు వాక్యాల్లో రాసి అంటించండి.

సెన్సర్ బోర్డు నుంచి సర్వర్‌కి ఎమ్‌క్యూటీటీ (చిన్న పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి) వాడితే "చివరి మాట" సదుపాయం తప్పకుండా పెట్టండి. బోర్డు కరెంటు పోయి ఆగిపోతే, మధ్యలో సందేశాలు అందించే ప్రోగ్రామ్ అయిన బ్రోకరే "ఈ సెన్సర్ లేదు" అని చెబుతుంది.

అడుగు 7: స్క్రీన్ గీయండి

మొదటి స్క్రీన్‌లో మూడు చోట్లూ ఒకేసారి కనిపించాలి. లాగిన్ వద్దు, మ్యాప్ వద్దు. యాప్ స్టోర్‌లో పెట్టే యాప్ కూడా మొదట్లో అక్కర్లేదు, ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోగలిగే వెబ్ పేజీ చాలు. గది తలుపు మీద క్యూఆర్ కోడ్ అంటిస్తే నేరుగా ఆ గది పేజీయే తెరుచుకోవాలి.

ఒక్కో చోటుకి ఇవి కావాలి: పేరు, మెట్టు మాట, "4 నిమిషాల క్రితం" అన్న సమయం, మూసే వేళ, ఈ గంటలో మామూలుగా ఎలా ఉంటుందో చెప్పే చిన్న గీత. ఆ గీతకి గత 4 వారాల్లో వారంలోని అదే రోజు, అదే గంట మధ్యస్థ విలువ తీసుకోండి. సెలవులను, పరీక్షల వారాలను అందులో కలపకండి.

రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు మీ వాడకందారుల్లో ఉంటారు. రంగుతో పాటు మాట, నింపిన గడుల బొమ్మ రెండూ ఉండాలి. అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉందో లేదో కొలవండి. స్క్రీన్ రీడర్‌తో (చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాధనంతో) ఒకసారి విని చూడండి: "రీడింగ్ రూమ్, రద్దీ, నాలుగు నిమిషాల క్రితం" అని వినిపించాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది డేటా రాని స్థితి మీద. రీడింగ్ రాకపోతే కోడ్‌లో సున్నా పెట్టడం ఈ యాప్‌లలో తరచూ కనిపించే తప్పు, నష్టం చేసే తప్పు కూడా. సెన్సర్ చచ్చిపోతే గది "ఖాళీగా ఉంది" అంటుంది. 15 నిమిషాలు దాటిన రీడింగ్‌ని బూడిద రంగులో చూపండి, 30 దాటితే మెట్టు మాట తీసేసి "ప్రస్తుతం సమాచారం లేదు, ఈ వేళకి మామూలుగా రద్దీ" అని రాయండి. "మూసి ఉంది" అన్నది ఇంకో స్థితి, దాన్ని వీటిలో దేనితోనూ కలపకండి.

కాగితం మీద గీసి 5 మందికి చూపండి. "ఇప్పుడు మీరు ఎక్కడికి వెళ్తారు?" అని అడిగితే 5 సెకన్లలో జవాబు రావాలి. వేలు ఆగిన చోట డిజైన్ మార్చండి.

అడుగు 8: విడుదలకి ముందు సరిచూడండి

మళ్లీ షీట్ తీయండి. వేర్వేరు వేళల్లో, ఒక్కో చోట కనీసం 30 సార్లు, ముందు తలలు లెక్కపెట్టి రాసుకుని తర్వాత యాప్ చెప్పిన మెట్టును చూసి రాయండి. వరస తారుమారైతే, యాప్ మాటకి తగ్గట్టు లెక్క మెల్లగా వంగుతుంది.

ప్రతి 10కి 8 సార్లు మెట్టు సరిపోవాలి. రెండు మెట్ల తేడా ఒక్కసారి కూడా రాకూడదు. తప్పులన్నీ సమానం కావు: ఖాళీ గదిని రద్దీ అని చెబితే ఒకరు వేరే చోటికి వెళ్తారు, నిండిన గదిని ఖాళీ అంటే నడిచి వచ్చి వెనక్కి పోతారు. అందుకే తేల్చుకోలేని చోట పై మెట్టు వైపే మొగ్గండి.

తేడా వస్తే లక్షణాన్ని బట్టి వెతకండి:

- పొద్దున సరిగ్గా ఉండి సాయంత్రానికి ఎక్కువ చూపిస్తే, తలుపు సెన్సర్ వెళ్లేవారిని వదిలేస్తోంది.
- రోజంతా ఒకే నిష్పత్తిలో ఎక్కువ తక్కువ ఉంటే, పరికరాల నిష్పత్తి మళ్లీ కట్టాలి.
- గంట కొట్టిన తర్వాత పది నిమిషాలే తేడా ఉంటే, వైఫై జాబితా ఆలస్యం. ఆ కాసేపు "మారుతోంది" అని చూపించినా తప్పు లేదు.
- మూసిన గదిలో జనం కనిపిస్తే, రాత్రి సంఖ్య మారింది, ఎవరో కొత్త పరికరం పెట్టారు.
- గంటలు గడిచినా ఒకే సంఖ్య కదలకపోతే, పాత రీడింగే మళ్లీ మళ్లీ వస్తోంది. టైము సర్వర్‌కి చేరినప్పటిది కాకుండా కొలిచినప్పటిది రాస్తున్నారో లేదో చూడండి.

విడుదల అయ్యాక ప్రతి గది పేజీలో "ఇది సరిగ్గా లేదు" అన్న ఒక్క బటన్ పెట్టండి. ఒకే గదికి గంటలో మూడు నొక్కులు వస్తే ఆ గది తనంతట తానే "సమాచారం లేదు"కి మారి, మీకు కబురు రావాలి. కొత్త సెమిస్టర్ మొదలైనప్పుడు, గదిలో బల్లలు జరిపినప్పుడు, యాక్సెస్ పాయింట్ మార్చినప్పుడు ఒక్కో చోట 10 తల లెక్కలు మళ్లీ తీసుకోండి. నాలుగో చోటు చేర్చే ముందు మొదటి మూడూ ఒక పరీక్షల వారం గట్టెక్కాయో లేదో చూసుకోండి. యాప్‌ని అందరూ ఒకేసారి తెరిచేదీ, సీట్ల లెక్క మామూలు రోజుల్లా ఉండనిదీ ఆ వారమే.